మెట్టెలు సరిపోతాయి, పట్టీలు పట్టవు: లిపిడీమాకు కోత లేని చికిత్సల్లో దేని పని ఎంత

పెళ్ళినాటి మెట్టెలు ఇరవై ఏళ్ళ తర్వాత కూడా వేళ్ళకు చక్కగా ఎక్కుతాయి. పట్టీలకు మాత్రం కొక్కెం అందదు. చెన్నైలో నగల దుకాణాలుండే టీ నగర్ దాకా వెళ్ళి రెండు లంకెలు కలిపించుకొస్తే, ఏడాది తిరిగేసరికి అవీ చాలవు. పాదం ఎప్పటిలా సన్నగానే ఉండి, చీలమండ దగ్గర మడత పడి, అక్కడి నుంచి పైకి కాలు ఒక్కసారిగా లావెక్కిందంటే లిపిడీమా కావచ్చునని అనుమానించాలి. ఆ మడత సరిగ్గా పట్టీ కూర్చునే చోటే పడుతుంది. ఈ జబ్బు సంగతి వైద్యుడి కంటే ముందు కంసాలికి తెలుస్తుందంటే వేళాకోళమేమీ కాదు.

లిపిడీమాలో చర్మం కింది కొవ్వు పిరుదుల నుంచి చీలమండల దాకా రెండు కాళ్ళలోనూ ఇంచుమించు సమంగా పెరుగుతుంది. కొందరిలో చేతులు కూడా లావెక్కుతాయి, మణికట్టు దాటి కిందికి మాత్రం రాదు. దాదాపు అందరూ స్త్రీలే. రజస్వల అయిన కొత్తలోనో, గర్భంతో ఉన్నప్పుడో, ముట్లుడిగే వయసులోనో మొదలవుతుంది కాబట్టి హార్మోన్ల ప్రమేయం ఉందని వైద్యులు భావిస్తారు. తల్లికీ కూతురికీ ఇద్దరికీ రావడం కూడా తరచుగా కనిపించేదే. మామూలు కొవ్వుకు లేని గుణం ఒకటి దీనికి ఉంది, నొప్పి. పిల్లవాడు ఒళ్ళోకి ఎక్కుతూ మోకాలు ఆనించినా, బస్సులో పక్కవారి సంచి తగిలినా ప్రాణం విలవిలలాడుతుంది. మంచం కోడు ఎప్పుడు తగిలిందో గుర్తు కూడా ఉండదు, తెల్లారేసరికి పిక్క మీద నల్లగా కమిలి ఉంటుంది. 1940లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఆలెన్, హైన్స్ దీన్ని వర్ణించి పేరు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో దీనికంటూ సొంత కోడు దక్కింది మాత్రం 2022లో అమల్లోకి వచ్చిన పదకొండో కూర్పులోనే. ఈ ఎనభై ఏళ్ళలో చాలామంది వైద్యులు ఈ కాళ్ళను వేరే జబ్బుల ఖాతాలోనే రాశారు.

చెన్నైలో ఆ ఖాతాకు యానైక్కాల్ అని పేరు. తెలుగులో బోదకాలు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఫైలేరియా ఈ తీరానికి పాత చుట్టం కాబట్టి, లావెక్కిన కాలు కనిపిస్తే ముందు అదే గుర్తుకొస్తుంది. పెరంబూరులోనో సాలిగ్రామంలోనో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పెద్దావిడ కోడలి కాళ్ళు చూసి ‘రాత్రిపూట రక్తం తీయించుకో అమ్మా’ అంటుంది. ఫైలేరియా పిల్లపురుగులు రాత్రివేళే రక్తంలోకి వస్తాయి కాబట్టి ఆవిడ చెప్పిన పరీక్షలో తప్పు లేదు, జబ్బే వేరు. బోదకాలు సాధారణంగా ఒక కాలిలో మొదలవుతుంది. రెండింటికీ వచ్చినా ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. పాదం పైభాగం, వేళ్ళు కూడా ఉబ్బి, మెట్టె బిగుసుకుంటుంది. బొటనవేలి పక్క వేలి మొదట్లో చర్మాన్ని చిటికెతో పట్టి పైకెత్తబోతే బోదకాలిలో అది లేవదు, లిపిడీమాలో లేస్తుంది. దీన్ని స్టెమర్ పరీక్ష అంటారు. అర నిమిషం పని, పైసా ఖర్చు లేదు.

ఇంకో ఖాతా ఊబకాయం. ‘తిండి తగ్గించండి, నడవండి’ అన్న చీటీతో ఇంటికి పంపుతారు. ఆమె నిజంగానే తగ్గిస్తుంది. ముఖం పీక్కుపోతుంది, జాకెట్లు వదులవుతాయి, చుడీదార్ మాత్రం పిక్కల దగ్గర ఎప్పటిలాగే పట్టేస్తుంది. ఊబకాయం, లిపిడీమా రెండూ కలిసి ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళకు బరువు తగ్గితే మోకాళ్ళ మీద భారం తగ్గే మాట నిజం. పిండిపదార్థాలు తగ్గించిన ఆహారంతో నొప్పి కొంత శాంతించిందని నార్వేలో జరిగిన ఒక పరిశోధన చెప్పింది కూడా. ఆహారం సంగతి ఇక్కడికి వదిలేద్దాం. లైపోసక్షన్ అనే శస్త్రచికిత్స కూడా ఈ వ్యాసం పరిధిలోనిది కాదు. మిగిలినవి చేతితో, గుడ్డతో, గాలితో, నీటితో, సొంత కండరంతో చేసే చికిత్సలు. అన్నీ కలిపి ఫిజియోథెరపీ పద్దులోకి వస్తాయి.

వీటిని పోల్చడానికి కూర్చున్నవాళ్ళు మొదట అడిగే ప్రశ్న ‘దేనితో ఎన్ని అంగుళాలు తగ్గుతుంది?’ అని. పోలిక పక్కదారి పట్టేది అక్కడే. ఈ చికిత్సల్లో ఏదీ లిపిడీమా కొవ్వును కరిగించదు. ఆ సంగతి మొదటి రోజే చెప్పని చికిత్సకుడి మాట మీద అనుమానపడటం మంచిది. టేపు పెట్టి కొలిస్తే ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గినట్టు కనిపించవచ్చు, ఆ తగ్గుదలలో చాలా భాగం కణజాలంలోని నీటిది. కట్టు విప్పి రెండు వారాలు తిరిగితే చాలావరకు వెనక్కి వస్తుంది. కొలవాల్సినవి వేరే ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి నొప్పి పదికి ఎంత? ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలుగుతున్నారు? మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ ఆగిపోతే మెట్లెక్కి పైకి రాగలుగుతున్నారా? నెలలో కొత్తగా ఎన్నిచోట్ల కమిలింది? కొలబద్ద ఇలా మారిస్తే చికిత్సల వరస కూడా తారుమారవుతుంది. టేపు లెక్కలో పైన ఉన్నది కిందికి దిగుతుంది, ఎవరూ పట్టించుకోనిది పైకి వస్తుంది.

అన్నిటి కంటే పేరున్నది చేత్తో చేసే లింఫ్ డ్రైనేజి, అంటే కణజాలంలో ఆగిన శోషరసం (లింఫ్) అనే నీటిని చేత్తో దారి మళ్ళించడం. 1930ల్లో ఫ్రాన్స్‌లోని కాన్ పట్టణంలో పనిచేసిన డెన్మార్క్ దంపతులు ఎమిల్ వోడర్, ఎస్ట్రిడ్ వోడర్ దీన్ని రూపొందించారు. విచిత్రమేమిటంటే అది పుట్టింది కాళ్ళ కోసం కాదు, ఎడతెగని జలుబుతో మెడలో బిళ్ళలు కట్టిన మనుషుల కోసం. 1936లో పారిస్‌లో ప్రపంచానికి చూపించారు. తర్వాత జర్మనీలో ఫోల్డి దంపతులు దీనికి కట్టు, వ్యాయామం, చర్మ సంరక్షణ జోడించి నాలుగు కాళ్ళ పీటలా నిలబెట్టారు. దాన్నే సంపూర్ణ డీకంజెస్టివ్ చికిత్స, అంటే పేరుకున్న నీటిని దించే చికిత్స అంటున్నారు. చేతి పద్ధతి చూస్తే మసాజ్ అనిపించదు. పావురం ఈకను నిమిరినంత తేలిగ్గా, చర్మాన్ని మాత్రమే కదుపుతూ, మొదట మెడ, పొట్ట, గజ్జలు, ఆ తర్వాతే తొడ, అన్నిటికన్నా చివర పిక్క. ముందు దారి ఖాళీ చేసి వెనక వాహనాన్ని వదలడం దాని సూత్రం.

ఆ సూత్రం బోదకాలికి, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత వాచిన చేతికి చక్కగా అతుకుతుంది. అక్కడ నిజంగానే శోషరసం దారి లేక ఆగిపోయి ఉంటుంది. లిపిడీమాలో ఆగిపోయిన నీరు ఉందా? ఈ ఒక్క ప్రశ్న దగ్గర యూరప్, అమెరికా నిపుణులు చెరోవైపు నిలబడ్డారు. 2020లో వెలువడిన యూరప్ నిపుణుల ఏకాభిప్రాయ పత్రం, 2024 నాటి జర్మనీ మార్గదర్శకాలు నీరు పేరుకోవడం ఈ జబ్బు లక్షణం కాదనీ, అసలు లక్షణం నొప్పి అనీ తేల్చాయి. నొప్పి లేనిదే లిపిడీమా అనే పేరే పెట్టొద్దన్నది జర్మనీ వారి మాట. నీరే లేనప్పుడు తోడటం దేనికి? కాబట్టి వాళ్ళ దృష్టిలో లింఫ్ డ్రైనేజి నొప్పి ఉపశమనానికి పక్కవాద్యం. 2021లో వచ్చిన అమెరికా నిపుణుల పత్రం మాత్రం కొవ్వు కణాల మధ్య జిగురు పదార్థాలకు అంటుకుని నీరు ఎక్కువగానే ఉంటుందంటూ చేతి చికిత్సలకు పెద్దపీట వేసింది. తొలిదశ లిపిడీమా ఉన్న అయిదుగురు స్త్రీలకు చేతి చికిత్స, బిగువు దుస్తులు, వ్యాయామం కలిపి ఇచ్చి ఎంఆర్ఐతో కాళ్ళలోని సోడియాన్ని కొలిచిన అమెరికా పరిశోధన ఒకటి 2022లో వచ్చింది. నొప్పితో పాటు సోడియం కూడా తగ్గింది. ఆసక్తికరమైన సంగతే, కాని అయిదుగురు! ఒక ఆటోలో ఇరుక్కుని పట్టేంత మంది మీద తేలిన ఫలితాన్ని ఊరందరికీ చాటడం తొందరపాటే అవుతుంది.

లింఫ్ డ్రైనేజి ఒక్కటే ఇస్తే ఎంత, ఇవ్వకపోతే ఎంత అని విడదీసి చూసే పరిశోధనలు ఇంకా తక్కువ. హంగేరీలో జరిగిన పరిశోధనల్లో ఒక జట్టుకు అయిదు రోజుల పాటు చేతి డ్రైనేజి, గాలి నిండే తొడుగుతో కాలిని ఒత్తే గాలి పంపు, పొరలు పొరలుగా కట్టు అన్నీ ఇచ్చారు, రెండో జట్టుకు చర్మానికి రాసుకునే క్రీము మాత్రమే. మొదటి జట్టులో నొప్పి తగ్గింది. చర్మం మీద చిన్న గిన్నెతో గాలి పీల్చి రక్తపు చుక్కలు ఎన్ని తేలాయో లెక్కపెడితే అవీ తగ్గాయి, అంటే సన్నటి రక్తనాళాలు చిట్లడం తగ్గింది. మంచి కబురే. అయితే మేలు చేసింది వేళ్ళా, కట్టా, పంపా? మూడూ ఒకే పాత్రలో వండిన పప్పుచారులో రుచి ఏ దినుసుదో చెప్పమన్నట్టుంటుంది. పైగా రోజూ గంటసేపు ఒక మనిషి నొప్పిని పట్టించుకుని, మెత్తటి చేత్తో తాకితే ఆ గంట కూడా మందే. అది తక్కువ మందు కాదు, కాకపోతే దాన్ని డ్రైనేజి ఖాతాలో వేయలేం.

బిగువు సాక్స్ దగ్గరికి వస్తే లెక్క కొంత తేటపడుతుంది. యూరప్, అమెరికా రెండూ తగవు లేకుండా ఒప్పుకునే చికిత్స ఇదే. బిగువు కొవ్వును తగ్గించదు. కదిలే, ఊగే, ఒకదానికొకటి ఒరుసుకునే కణజాలాన్ని పట్టి నిలబెడుతుంది. అడుగు వేసినప్పుడల్లా తొడ అదరడం ఆగితే ఆ లాగుడు నొప్పి తగ్గుతుంది, కండరం ముడుచుకున్నప్పుడు గోడలా ఎదురు నిలిచి రక్తాన్ని, శోషరసాన్ని పైకి నెడుతుంది. చాలామందికి సాయంత్రపు బరువు దిగిపోయేది దీంతోనే.

ఇబ్బందంతా ఏ సాక్స్ అన్నదానిలో ఉంది. వీధి చివరి మందుల షాపులో బిగువు సాక్స్ అడిగితే వెరికోస్ వీన్స్ (ఉబ్బి మెలికలు తిరిగిన కాలి సిరలు) కోసం తెప్పించిన గొట్టం అల్లిక సాక్స్ ఇస్తారు. చిన్నది, మధ్యది, పెద్దది అని మూడు సైజులు. పలుచగా, కనిపించకుండా ఉంటుంది, సాగుతుంది. లిపిడీమా కాలు గొట్టం ఆకారంలో ఉండదు. చీలమండ దగ్గర సన్నగా మొదలై, పిక్క దగ్గర ఒక్కసారి విచ్చుకుని, మోకాలి లోపలి వైపు దిండులా ఒత్తుకుని వస్తుంది. సాగే గొట్టం ఆ మడతల్లోకి దిగిపోతుంది. పై అంచు చుట్టుకుని రబ్బరు బ్యాండులా బిగుసుకుంటుంది. మధ్యాహ్నం సాక్స్ విప్పితే మోకాలి కింద ఎర్రటి గాడి, దాని పైన ఉబ్బు. ‘బిగువు నాకు పడదు’ అని తీసి బీరువాలో పడేసే స్త్రీలలో చాలామందికి పడనిది బిగువు కాదు, ఆ అల్లిక. లిపిడీమాకు కావలసింది బల్లపరుపు అల్లిక. అడుగడుగునా కొలతలు తీసుకుని, కాలి వంపులకు తగ్గట్టు కుట్లు పెంచుతూ తగ్గిస్తూ మగ్గం మీద పరిచి అల్లి, వెనక కుట్టు వేసి కలుపుతారు. మందంగా, గరుకుగా ఉంటుంది, అందం తక్కువ. కాని మడతల మీదుగా వంతెనలా సాగిపోతుంది, లోపలికి దిగదు.

బిగువుకు తరగతులున్నాయి. జర్మనీ కొలతల్లో, బీపీని కొలిచే లెక్కలోనే, మొదటి తరగతి ఒత్తిడి 18 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం, రెండోది 23 నుంచి 32, మూడోది 34 నుంచి 46. ఎక్కువ బిగువైతే ఎక్కువ మేలు అనుకోవడం పొరపాటు. ముట్టుకుంటేనే నొప్పి పుట్టే కాలికి మూడో తరగతి తొడిగితే ఆ సాక్స్ రెండో రోజు కనిపించదు. మొదటి తరగతితో మొదలుపెట్టి, తట్టుకున్నకొద్దీ పెంచడం తెలివైన దారి. ఇంట్లో ఉన్న క్రేప్ బ్యాండేజీ చుట్టుకుంటే సరిపోదా అన్న ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే ఉంది. క్రేప్ గుడ్డ బాగా సాగుతుంది. పడుకున్నప్పుడు ఒత్తుతుంది, నడిచేటప్పుడు కండరంతో పాటే సాగి తప్పుకుంటుంది. అవసరం సరిగ్గా దీనికి తలకిందులు. వాపు ముదిరినవాళ్ళకు చికిత్సకులు వేసే తక్కువ సాగే బ్యాండేజీ పడుకున్నప్పుడు మెత్తగా ఉండి, నడిచేటప్పుడు గట్టిగా నిలుస్తుంది.

ఇక చెన్నై ఎండ. పరిశోధనలన్నీ చలిదేశాల్లో జరిగాయి, మందపాటి సాక్స్ వేసుకుని పన్నెండు గంటలు తిరిగే సలహా కూడా అక్కడే పుట్టింది. తమిళులు కత్తిరి వెయ్యిల్ అనే రోజుల్లో, మనవాళ్ళ రోహిణీ కార్తెలో, సముద్రపు తేమతో కలిసిన ఎండలో ఆ సలహా పాటించడం ఎవరి తరమూ కాదు. చెమట మడతల్లో నిలిచి తామర పట్టుకుంటే చర్మం పగిలి ఇన్ఫెక్షన్ లోపలికి పోతుంది, అప్పుడు కొత్త జబ్బు మొదలు. నిపుణులు చెప్పిన పన్నెండు గంటలకు ఇక్కడ సర్దుబాటు తప్పదు. ఏసీ ఆఫీసులో పనిచేసే స్త్రీ అక్కడున్న ఎనిమిది గంటలూ వేసుకోగలదు. వంటింట్లో గ్యాస్ పొయ్యి ముందు నిలబడే స్త్రీ తెల్లవారుజాము నుంచి పది దాకా, మళ్ళీ సాయంత్రం నడకకు వేసుకుంటే చాలు. నొప్పి లెక్కలో నాలుగు గంటల బిగువు అసలు లేని బిగువు కంటే ఎంతో మేలు. మొత్తం కాలి సాక్స్ భరించలేనివారికి మోకాలి కింది భాగానికొకటి, పైన లెగ్గింగ్ లాంటిదొకటి విడివిడిగా తీసుకునే వీలుంది. తొడుక్కోవడం కూడా ఒక విద్యే. మంచం దిగకముందే, కాళ్ళు పొడిగా ఉన్నప్పుడే, పాత్రలు తోమే రబ్బరు తొడుగులు చేతికి వేసుకుని అరచేతులతో పైకి నిమురుతూ ఎక్కించాలి. వేళ్ళతో పట్టి లాగితే గోరు తగిలి అల్లిక తెగుతుంది. మొదట్లో పది నిమిషాలు పడుతుంది, అందులో అయిదు నిమిషాలు తిట్టుకోవడానికే పోతాయి.

గాలి పంపు యంత్రం గురించి చెప్పుకోవలసింది తక్కువే. కాలికి గదులు గదులుగా ఉన్న తొడుగు వేస్తే పంపు కింది నుంచి పైకి ఒక్కో గదిలో గాలి నింపుతూ వదులుతూ పోతుంది. చేతి డ్రైనేజికి ఇది యంత్రపు తమ్ముడు. హంగేరీలో పూర్తి చికిత్సకు పంపును చేర్చి చూసినప్పుడు కాళ్ళ కొలతల్లో చెప్పుకోదగ్గ అదనపు లాభం కనపడలేదు. టర్కీ పరిశోధకులు 2021లో ప్రచురించిన పరిశోధన ఈ వ్యాసానికి ఆయువుపట్టు లాంటిది. ముదిరిన లిపిడీమా ఉన్న ముప్పై మందికి పైగా స్త్రీలను మూడు జట్లు చేశారు. మొదటి జట్టుకు సంపూర్ణ డీకంజెస్టివ్ చికిత్సతో పాటు వ్యాయామం, రెండోదానికి గాలి పంపుతో పాటు వ్యాయామం, మూడోదానికి వ్యాయామం ఒక్కటే. ఆరు వారాలు నడిపారు. కాళ్ళ ఘనపరిమాణం అన్నిటికంటే ఎక్కువ తగ్గింది మొదటి జట్టులో. టేపు చేత పట్టుకున్నవాళ్ళు అక్కడితో చదవడం ఆపేస్తారు. ఆ మూడు జట్లలో ఏ ఒక్కదానిలోనూ వ్యాయామం లేకుండా లేదన్న సంగతి గమనించాలి. మిగతావాటి బలాన్ని తూచడానికి పరిశోధకులు నేలగా పరిచింది వ్యాయామాన్నే.

ఆరు వారాలు, వారానికి అయిదు రోజులు అని లెక్క వేస్తే ముప్పై సార్లు రానుపోను ప్రయాణం. అంబత్తూరు నుంచి అడయారు దాకా బస్సులో, తిరిగి వచ్చేసరికి సగం రోజు. లిపిడీమా కాళ్ళతో ఆ ప్రయాణమే ఒక నొప్పి. చికిత్సకుడి చేయి ఎంత మెత్తనిదైనా తిరుగు బస్సులో నిలబడి వస్తే తీసిన బరువు తిరిగి ఎక్కుతుంది. ఇంట్లో కొని పెట్టుకున్న గాలి పంపు నెగ్గేది ఇలాంటి చోటనే. ఫలితంలో కొంచెం వెనకబడినా, రోజూ టీవీ ముందు అరగంట కూర్చుని చేసుకోగలిగితే, నెలకోసారి చేసే శ్రేష్ఠమైన డ్రైనేజి కంటే నయం. ఇంకో చిక్కు, డ్రైనేజి పద్ధతిగా నేర్చినవాళ్ళు దొరకడం. ఆ విద్య క్యాన్సర్ ఆసుపత్రుల చుట్టుపక్కల, రొమ్ము ఆపరేషన్ తర్వాతి చేతి వాపుకు చికిత్స చేసేవారి దగ్గర ఎక్కువగా ఉంటుంది. ఫిజియోథెరపీ బోర్డు ఉన్న ప్రతి చోటా ఉంటుందనుకోకూడదు.

నీటి సంగతికి వస్తే ఏ కంపెనీ అమ్మలేని బిగువు సాక్స్ అది. నీటి ఒత్తిడి లోతుకు తగ్గట్టు పెరుగుతుంది. మీటరు లోతుకు సుమారు 73 మిల్లీమీటర్ల పాదరసం. ఛాతీ లోతు నీటిలో నిలబడితే చీలమండ మీద పడే ఒత్తిడి రెండో తరగతి సాక్స్‌కు మూడింతలు. పైకి వస్తున్నకొద్దీ దానంతటదే తగ్గుతూ, మడతల్లో ఎక్కడా గాడి పెట్టకుండా, ముట్టుకుంటే ఏడిచే చర్మానికి కూడా నొప్పి తెలియకుండా పట్టి ఉంచుతుంది. నడుము లోతులో శరీర బరువు దాదాపు సగానికి, ఛాతీ లోతులో మూడో వంతుకు దిగుతుంది, కాబట్టి మోకాళ్ళు అరిగిన స్త్రీ కూడా అరగంట నడవగలదు. ఈత రానవసరం లేదు, గోడ పట్టుకుని నడిస్తే చాలు. చెన్నైలో ఎండ కూడా అడ్డు రాదు. మెరీనాలో మాత్రం దిగకూడదు, అక్కడి కింది ప్రవాహాలు ఏటా ప్రాణాలు తీస్తున్నాయి. ఈత కొలనే కావాలి. నీటి చికిత్సకు లిపిడీమాలో పరిశోధనల బలం ఇంకా పలుచనే, దాని వెనక ఉన్న భౌతికశాస్త్రానికి మాత్రం ఎదురులేదు. అడ్డంకల్లా ఈత దుస్తుల్లో ఆ కాళ్ళతో పదిమందిలోకి రావడానికి పడే సిగ్గు. స్త్రీలకు విడిగా వేళలున్న కొలనులో, పొడవు చేతులు, పొడవు కాళ్ళున్న ఈత దుస్తులతో ఆ అడ్డంకి కొంత దిగుతుంది.

నేల మీద వ్యాయామంలో పిక్కలదే ప్రధాన పాత్ర. పిక్క కండరం ముడుచుకున్నప్పుడల్లా కాలి సిరల్లోని రక్తాన్ని గుండె వైపు నెడుతుంది. బిగువు సాక్స్ వేసుకుని నడిస్తే ఆ పంపుకు గోడ దొరుకుతుంది, అందుకే నడక, సాక్స్ వేర్వేరు చికిత్సలు కావు. గంతులు, పరుగులు ఊగే కొవ్వును లాగి నొప్పి పెంచుతాయి. సైకిల్ తొక్కడం, మడమలెత్తి దించడం, కుర్చీ నుంచి లేచి కూర్చోవడం, తేలికపాటి బరువులు సరిపోతాయి. తొడ కండరం బలపడితే మోకాలు లోపలికి వంగడం తగ్గుతుంది. గోడకు కాళ్ళు పైకెత్తి పడుకుంటే హాయిగా ఉంటుంది, అయితే లిపిడీమా లావు నీటి వాపులా తెల్లారేసరికి దిగదు కాబట్టి దాని నుంచి అంతకు మించి ఆశించకూడదు.

బయట అమ్ముడుపోయే మిగతా చికిత్సలను త్వరగా దాటేయవచ్చు. చేతి డ్రైనేజికి తక్కువ వేగపు కంపనాలు జోడిస్తే ఫలితం మెరుగైందని ఒక చిన్న పరిశోధన 2020లో చెప్పింది, ఇంకొకరు చేసి చూడాలి. ధ్వని తరంగాల తాకిడితో చేసే షాక్‌వేవ్ చికిత్స మీద ఉన్నవి అంతకంటే పలుచని ఆధారాలు. బాలింతకు చేసినట్టు నూనె పట్టించి గట్టిగా పిసికే మర్దన లిపిడీమాకు శత్రువు, చిట్లిపోయే రక్తనాళాల మీద వేళ్ళు దిగితే మర్నాటికి కాలంతా నీలి మచ్చలే. అలాగని ఆయుర్వేదాన్ని మొత్తంగా తోసిపుచ్చలేం. కేరళలోని కాసరగోడులో ఉన్న అప్లైడ్ డెర్మటాలజీ సంస్థ బోదకాలు రోగులకు యోగా, ఆయుర్వేద పద్ధతులు, బిగువు కట్టు కలిపి పద్ధతిగా చికిత్స చేసి ఫలితాలు ప్రచురించింది. అది బోదకాలికి, మెత్తటి చేతికి, క్రమశిక్షణకు దక్కిన ఫలితం. స్లిమ్మింగ్ సెంటర్లలో వేడి దుప్పటి చుట్టి, బెల్టు బిగించి, ముందూ వెనకా టేపు పెట్టి చూపించే అంగుళాలకు దానితో సంబంధం లేదు.

ఈ వరస అన్ని దశలకూ ఒకటే కాదు. ఏళ్ళ తరబడి లిపిడీమా ముదిరి, బరువు కూడా పెరిగితే శోషరస నాళాలు అలసిపోతాయి. అప్పుడు పాదం కూడా వాయడం మొదలవుతుంది, వేలితో నొక్కితే సొట్ట పడుతుంది, ఇన్నేళ్ళూ సరిపోయిన మెట్టె బిగుస్తుంది. అక్కడి నుంచి నీరు నిజంగానే ఉంది కాబట్టి చేతి డ్రైనేజికి, పొరల కట్టుకు అసలైన పని దొరుకుతుంది. యూరప్, అమెరికా తగవు కూడా ఆ గుమ్మం దగ్గర ఆగిపోతుంది. తొలిదశలో పక్కవాద్యంగా ఉన్నదే ఇక్కడ ముందుకు వచ్చి కూర్చుంటుంది.

మధుమేహం ఇంటింటా ఉన్న నగరంలో ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. పాదంలో స్పర్శ పోయినవారికి, కాలి ధమనులు పూడుకున్నవారికి బిగువు హాని చేయగలదు. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగించే పరీక్ష ఒకటుంది. ఆ సంఖ్య 0.6 కంటే తగ్గితే సాక్స్ ఆలోచన మానుకోవాలి. గుండె సరిగా పనిచేయనివారు, సిరలో గడ్డ కట్టినవారు, కాలు ఎర్రబడి జ్వరం వచ్చినవారు గాలి పంపు దగ్గరికి వెళ్ళకూడదు. ఒక్క కాలు హఠాత్తుగా వాచి నొప్పెడితే అది లిపిడీమా అనుకుని ఇంట్లో కూర్చోవద్దు, గడ్డ కట్టిందేమో ఆ రోజే చూపించుకోవాలి.

ఇంతసేపు తిట్టిన టేపు నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది, సాక్స్ కొలత. బల్లపరుపు అల్లికకు చీలమండ, పిక్క, మోకాలి కింద, మోకాలి పైన, తొడ నడుమ, గజ్జ దగ్గర విడివిడిగా చుట్టుకొలతలు, వాటి మధ్య పొడవులు రాసుకోవాలి. రెండు కాళ్ళకూ వేర్వేరుగా, ఎందుకంటే సమంగా కనిపించే కాళ్ళ మధ్య కూడా సెంటీమీటరు తేడా ఉంటుంది. అల్లిక ఆరు నెలలకు సాగిపోతుంది కాబట్టి అప్పుడు మళ్ళీ కొలవాలి, పాత అంకెలు పంపి సరిపెట్టుకోకూడదు. కొలత పొద్దున్నే, కాళ్ళు ఇంకా తేలిగ్గా ఉన్నప్పుడు తీయాలి. చెన్నై ఎండలో మధ్యాహ్నం మూడింటికి తీసిన కొలతతో అల్లిన సాక్స్ మర్నాడు ఉదయం మోకాలి కిందికి జారి కూర్చుంటుంది.